ఢోల్కీకి బొట్టు పెట్టిన శనివారం

మంచి పనిని చెడగొట్టాలని కంకణం కట్టుకున్నవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట పొరపాటు పడి కొంత మంచిని మిగిల్చేస్తారు. నేను అలా కాదు. పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, నిండు మనసుతో చెడగొట్టాను. పిసరంత కూడా మిగల్లేదు. ఆ వైభవం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను కాబట్టి మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టుకోండి. నవ్వితే పొలమారవచ్చు. నవ్వకపోతే నేను నొచ్చుకుంటాను.

అప్పటికి మేం కెనడాలోని లండన్‌కి వచ్చి ఏడాది కాలేదు. అసలు లండన్ కాదండీ, ఒంటారియోలో ఆ పేరు పెట్టుకున్న ఊరు. మావారు కాలేజీలో చేరితే నేను వెంట వచ్చాను. ఇండియా నుంచి పిల్లలు చదువులకు వెల్లువలా వచ్చి పడుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లలో పంజాబీ, మధ్య సీట్లలో తెలుగు, డ్రైవరు వెనకాల గుజరాతీ. బేస్‌మెంట్ గది దొరకడమంటే ముక్కోటి ఏకాదశినాడు ఉత్తర ద్వారంలో మొదటి వరసలో నిలబడ్డంత అదృష్టం. అలాంటి అదృష్టం మాకు తాయాజీ ఇంట్లో పట్టింది.

తాయాజీ అంటే పంజాబీలో పెదనాన్న. ఆయన మా పెదనాన్న కాదు, పై అంతస్తులో ఉండే హర్లీన్‌కి పెదనాన్న. కాని వీధి వీధంతా ఆయన్ని తాయాజీ అనే పిలిచేది. చాలా ఏళ్లు లారీ నడిపి రిటైరైన మనిషి. తెల్లటి గడ్డం, తెల్లటి తలపాగా, మాటకి మాటకీ మధ్య రెండు ఊళ్లంత దూరం. ఆ మౌనం చూసి నేను ఆయనకి కోపం ఎక్కువని నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయం దగ్గరే కథ పక్కదారి పట్టింది.

ఇక నా సంగతి. మా నాన్నగారిది ప్రాజెక్టుల మీద ఉద్యోగం, ఎక్కడ డ్యామ్ కడితే అక్కడ మా కాపురం. బడి దూరమని అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. ఎక్కాలు, పద్యాలు, మంగళహారతులు, పులిహోర పోపు, అన్నీ ఒకే పలక మీద. బడి ముఖం పరీక్షలప్పుడే చూశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా! ఇంట్లోనే చదివాను కాబట్టి ఇంట గెలిచేసినట్టే, ఇక రచ్చ ఒక్కటే మిగిలిందని ధైర్యం.

దేవుడు మాత్రం నాయందు ఎప్పుడూ దయగానే ఉన్నాడు. కొత్తలో మావారికి పార్ట్‌టైం పని దొరక్క, నాకు చలికి ఊపిరాడక అవస్థపడుతుంటే, తాయాజీ మమ్మల్ని గురుద్వారాకి తీసుకెళ్లి లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనాల పంక్తిలో, కూర్చోబెట్టారు. వేడి వేడి రొట్టె, పప్పు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆ పప్పు రుచి నా ప్రాణం ఉన్నంతవరకు మరవను. ఆ కృతజ్ఞతతో ప్రతి ఆదివారం వెళ్లి గుమ్మం దగ్గర చెప్పులు సర్దే సేవ చేసేదాన్ని. మంచుకి తడిసిన బూట్లు వరసగా పేర్చడంలో నాకంత ఒడుపు ఇంకెవరికీ లేదని నాకో చిన్న గర్వం. దేవుడి గుమ్మం దగ్గరే గర్వపడితే దేవుడు ఊరుకుంటాడా?

హర్లీన్ కాలేజీ పిల్ల. ఇరవై ఒకటో ఏడు. ఆదివారం గురుద్వారాలో తల మీద చున్నీ వేసుకుని, కళ్లు మూసుకుని కీర్తన పాడితే నాకు భాష తెలియకపోయినా కళ్లలో నీళ్లు తిరిగేవి. అదే పిల్ల శనివారాల్లో తోటి అమ్మాయిలతో కలిసి గిద్దా ఆడేది. గిద్దా అంటే పంజాబీ ఆడవాళ్ల ఆట. అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లు చరుస్తుంటే ఒకమ్మాయి మధ్యకొచ్చి ఓ చిన్న పాట విసురుతుంది. దాన్ని బోలీ అంటారు. అత్తని, ఆడబిడ్డని, మొగుణ్ణి, ఎదురుగా ఉన్న పక్కింటావిణ్ణి, ఎవరినీ వదలరు. మన పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాటలు పాడి ఉడికించేవాళ్లు చూడండి, అలాగన్నమాట. హర్లీన్ వాళ్లమ్మ కమల్‌జీత్ పంజాబ్‌లో వాళ్ల ఊళ్లో పేరున్న బోలీ గొంతు. ఆవిడ నేర్పిన పాటలన్నీ ఈ పిల్ల నోట్లో ఉన్నాయి. వసంతంలో కాలేజీలన్నీ కలిసి చేసే ఉత్సవానికి హర్లీన్ జట్టు వెళ్లాలి. బోలీ విసిరేది హర్లీనే. ఆమె లేకపోతే జట్టు లేదు.

ఒక ఆదివారం లంగర్ దగ్గర బల్బీర్ ఆంటీ పుల్ల వేసింది. ఆవిడ పిల్లలకి కీర్తన నేర్పే మనిషి. మంచిదే, కాని ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా గరిటె కింద పెట్టదు.

"భాయీసాబ్, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోవద్దు. మీ హర్లీన్ ఆదివారం గురువు గ్రంథం ముందు శబద్ కీర్తన పాడుతోంది. శనివారం అదే నోటితో అత్తగారి ముక్కు మీద బోలీ పాడుతోంది. ఇది కుదిరే పనేనా?"

పంక్తిలో రొట్టెలు ఆగిపోయాయి. హర్లీన్ ముఖం పాలిపోయింది. తాయాజీ గడ్డం నిమురుకున్నారు. పప్పు చల్లారేంత సేపు ఆలోచించారు.

"చూస్తాను," అన్నారు. "ఒకసారి చూసి చెబుతాను."

అంతే. ఆ సాయంత్రం హర్లీన్ మా బేస్‌మెంట్‌కి దిగి వచ్చి నా మంచం మీద కూలబడింది. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలో. నా హిందీ టీవీ సీరియళ్లు చూసి నేర్చుకున్నది కాబట్టి నా ప్రతి వాక్యం తర్వాతా ఉరుము ఉరమాలి.

"అయిపోయింది దీదీ. తాయాజీ వద్దంటే నేను మానేస్తా. ఆయన మాట దాటనని మా అమ్మకి మాటిచ్చి వచ్చా. కాని పాట మానేస్తే మా అమ్మ ఏమైపోతుంది? ఆవిడ ఇచ్చిందే అది కదా నాకు."

"వద్దనరు."

"అంటారు. ఆ 'చూస్తాను' విన్నావుగా! వచ్చే శనివారం పదకొండింటికి కమ్యూనిటీ సెంటర్ హాల్లో మా ప్రాక్టీసు ఉంది. ఆయన్ని అక్కడికే రమ్మన్నా. బల్బీర్ ఆంటీ వాళ్లందరూ వస్తారట. నాకేమో శుక్రవారం దాకా మిడ్‌టర్మ్స్, శనివారం పొద్దున కాఫీ షాపులో షిఫ్టు. హాలు ఎవరు సర్దుతారు, ఎవరు పిలుస్తారు..."

"నేను లేనా?" అన్నాను. ఉరుము.

"నిజంగానా దీదీ? నువ్వు దేవతవి! ఏం చేసినా పరవాలేదు, కాస్త డీసెంట్‌గా కనిపిస్తే చాలు."

డీసెంట్‌గా! ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఎంత దూరం వెళ్లానో మీకు త్వరలోనే తెలుస్తుంది.

నా తర్కం చిత్తగించండి. పెద్దాయనకి పాటంటే అభ్యంతరం ఎందుకుంటుంది? భక్తి తక్కువైందని. తక్కువైతే ఏం చెయ్యాలి? కలపాలి. ఇందులో ఆలోచించడానికేముంది? మన దగ్గర కొత్త కారు చక్రం కింద నిమ్మకాయ పెడితే కారు పవిత్రం. కంప్యూటరుకి పసుపు రాస్తే కంప్యూటరు పవిత్రం. అలాంటిది ఒక పాట ఎంత?

మావారు మాత్రం లాప్‌టాప్ మీంచి తల ఎత్తి అన్నారు. "సుభద్రా, వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి కదా. ఎందుకైనా మంచిది, ఆయన్నే ఒకసారి అడగకూడదూ?"

"పెద్దవాళ్లని అడుగుతారా ఎవరైనా? అర్థం చేసుకోవాలి."

"అదే నా భయం," అని మళ్లీ తల దించుకున్నారు.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. నేను ఆజ్ఞ కోసం ఆగే చీమని కాను. ముందు అందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "శనివారం పదకొండింటికి హర్లీన్ కార్యక్రమం. దయచేసి తెలుపు లేక లేత రంగు సాదా దుస్తుల్లో రావలసిందిగా ప్రార్థన. తల కప్పుకోవడానికి బట్ట తెచ్చుకోగలరు." పెట్టాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. దండం పెడుతున్న చేతుల బొమ్మ కూడా తగిలించాను.

శనివారం వచ్చింది. మార్చి నెల, బయట కరిగీ కరగని మంచు, బురద. నేను మావారి చేత సామాను మోయించుకుని పొద్దున్నే హాలుకి చేరాను. కుర్చీలన్నీ తీయించేశాను. నేల మీద తెల్ల దుప్పట్లు పరిచాను. వీధిలో ఎవరింట్లో తెల్ల దుప్పటి ఉంటే వాళ్లనల్లా అడిగి తెచ్చినవి. ఎదురుగా ఒక స్టూలు, దాని మీద తెల్ల గుడ్డ. హాలు కాపలాదారుడు నా ఇత్తడి కుంది చూసి నిప్పు వెలిగించడానికి వీల్లేదన్నాడు. అందుకని బ్యాటరీ దీపాలు కొని తెచ్చి కుందిలో నిలబెట్టాను. మీట నొక్కి జ్యోతిని వెలిగించే యోగం మా వంశంలో నాకే పట్టింది.

అంతలో గిద్దా జట్టులో వాయించే మన్‌ప్రీత్ ఢోల్కీ పట్టుకుని వచ్చింది. మన డోలక్ లాంటిదే, చిన్నది. నేను ఆ ఢోల్కీని భక్తిగా అందుకుని, స్టూలు మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కార్నేషన్ పూలు చుట్టి, అక్షింతలు వేసి, ఒక నమస్కారం చేశాను. భక్తి ముదిరింది, ఢోల్కీకి బొట్టు పెట్టండన్నట్టు.

మన్‌ప్రీత్ ముచ్చటపడింది. "ఎంత బాగుంది దీదీ! ఇలా ఇవ్వు, శ్రుతి సరిచేసుకుంటా."

నేను ఉలిక్కిపడ్డాను. "ఇవ్వడమా? పూజలో ఉంది!"

"పూజ అయిపోయిందిగా?"

"అవ్వలేదు. ఉద్వాసన చెప్పాలి. చెప్పేదాకా ముట్టుకోకూడదు."

"ఎప్పుడు చెబుతావు?"

"రేపు పొద్దున."

ఇక్కడ మీకొక మాట విన్నవించుకోవాలి. సరస్వతీ పూజలో పుస్తకాలు పెడితే మర్నాటి దాకా ముట్టుకోరు, తెలిసిందే కదా. బడి పిల్లలకి ఏడాదంతా సెలవులే. ఇంట్లో బడి గలదాన్ని, నాకు ఏడాది మొత్తం మీద సెలవు అదొక్కటే. ఆ సెలవు చెక్కుచెదరకుండా ఉండాలని ఆ నియమాన్ని నేను ప్రాణంతో సమానంగా కాపాడుకున్నాను. ఆ కాపాడుకోవడమే ఇప్పుడు ఢోల్కీ మెడకి చుట్టుకుంది. ఎంత పని చేశానో నాకూ అప్పుడే తెలిసింది. కాని పైకి అన్నాను: "డప్పు లేకపోతే ఏం తల్లీ, పాట నెమ్మదిగా, భక్తిగా పాడండి. చప్పట్లు కూడా వద్దు. ఇంకా డీసెంట్‌గా ఉంటుంది."

"హర్లీన్ ఇలాగే చెయ్యమందా?"

"డీసెంట్‌గా ఉండాలంది."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. హర్లీన్ చెప్పిందంటే ఏదో ఉపాయమే అయి ఉంటుందనుకున్నారు. నెమలి రంగు, మిరపపండు రంగు బట్టల మీద నేనిచ్చిన తెల్లటి ఓణీలు కప్పుకుని, ముసుగులు వేసుకుని, చేతులు జోడించి కూర్చున్నారు.

ఇక మిగిలింది కమల్‌జీత్ ఆంటీ. పంజాబ్ నుంచి వీడియో కాల్‌లో కూతురి పాట చూస్తానంది. అక్కడప్పుడు రాత్రి భోజనాల వేళ. మావారి ట్యాబ్లెట్ తెచ్చి కలిపాను. పెట్టడానికి స్టాండు లేదు. ఢోల్కీ పక్కనే ఇత్తడి కలశం ఉంటే దానికి ఆనించాను. ఉత్తి నల్ల ట్యాబ్లెట్ బోసిగా ఉందని, ఇండియన్ స్టోర్లో కొన్న ప్లాస్టిక్ బంతిపూల తోరణం దాని చుట్టూ తిప్పాను. ముందు రెండు బ్యాటరీ దీపాలు. తెరమీద ఆంటీ చిరునవ్వుతో, కళ్లు సగం మూసుకుని కూర్చుని ఉంది. కదలదు, మెదలదు. 'ఎంత నిష్ఠ! పాట మొదలవకముందే ధ్యానంలోకి వెళ్లిపోయింది,' అని నాకు ఒళ్లు పులకరించింది.

అది ధ్యానం కాదని, ఆ హాల్లో నెట్ చచ్చిపోయి బొమ్మ బిగుసుకుపోయిందని మీకు తెలిసిపోయింది. మీరు తెలివైనవాళ్లు.

పదకొండవుతుండగా జనం రావడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో నిలబడి, అలవాటైన సేవ కదా, ఒక్కొక్కరి బూట్లు విప్పించి వరస పెట్టాను. గట్టిగా మాట్లాడితే మర్యాద కాదని గొంతు తగ్గించి "రండి, లోపలికి రండి," అంటున్నాను. మొదట వచ్చింది బల్బీర్ ఆంటీ, తెల్ల సల్వార్‌లో. లోపలికి ఒక చూపు చూసింది. తెల్ల దుప్పట్లు. ముసుగులు. పూల మధ్య కమల్‌జీత్ ముఖం. ముందు దీపం.

"వాహెగురూ!" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"వాహెగురూ," అన్నాను నేను సంతోషంగా.

"పాపం... హర్లీన్ ఎలా ఉంది?"

"ధైర్యంగా ఉంది ఆంటీ. వస్తుంది, షిఫ్టు అయ్యాక."

"ఈ రోజు కూడా షిఫ్టా!" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది. పిల్ల కష్టానికి జాలిపడుతోందని నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. ఆవిడ లోపలికెళ్లి కూర్చుంది. తర్వాత వచ్చినవాళ్లు ఆవిణ్ణి చూశారు, స్టూలు వైపు చూశారు, తలపాగాలు సర్దుకుని మెల్లగా కూర్చున్నారు. మేజోళ్ల చిల్లుల్లోంచి బొటనవేళ్లు మాత్రమే ఆ సభలో స్వేచ్ఛగా తొంగిచూస్తున్నాయి. అక్కడక్కడ ముక్కు చీదుళ్లు. 'పాట మొదలవకుండానే ఇంత భక్తి! అమ్మా, నీ పెంపకం,' అని మా అమ్మకి మనసులో దండం పెట్టుకున్నాను.

హర్లీన్ కాఫీ షాపు యూనిఫారంతోనే పరుగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది.

"దీదీ... ఇదేంటి?"

"డీసెంట్!"

ఆమె నోరు తెరిచేలోపు బల్బీర్ ఆంటీ లేచివచ్చి కావలించుకుని భోరుమంది. "ఏడవకు బిడ్డా, గురువు ఉన్నాడు, మేమందరం ఉన్నాం." మరో ఇద్దరు ఆంటీలు కూడా చుట్టుకున్నారు. హర్లీన్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. తాయాజీ ముందే 'వద్దు' అనేశారని, అందుకే వీళ్లంతా ఓదారుస్తున్నారని ఆ పిల్ల అనుకుంది. కళ్ల నిండా నీళ్లు.

"సరే దీదీ. ఇదే ఆఖరి పాట అయితే పాడేస్తా," అని వెళ్లి కూర్చుంది. ఢోల్కీ కోసం చెయ్యి చాపితే మన్‌ప్రీత్ ఆ చెయ్యి పట్టుకుని "రేపటి దాకా ముట్టుకోకూడదట," అని గొణిగింది.

హర్లీన్ పాడింది. అత్తగారి గేదె తప్పిపోయిందనీ, అది కోడలి కంటే తెలివైనదనీ సాగే బోలీ అది. చప్పట్లతో పాడితే జనం పడీపడీ నవ్వుతారట. డప్పు లేదు, చప్పట్లు లేవు, గొంతులో కన్నీళ్లు. ఆ గేదె అలా నెమ్మదిగా తప్పిపోతుంటే నా గుండె తరుక్కుపోయింది. వెనక వరసలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పిల్ల దుఃఖంతో ఏం పాడుతోందో దానికే తెలియడం లేదని అందరూ క్షమించేశారు.

సరిగ్గా అప్పుడు తాయాజీ వచ్చారు. లారీ నడిపిన మనిషి, బూట్లు విప్పుకోవడానికి వంగి లేచేసరికి ఎదురుగా పూల మధ్య తమ్ముడి భార్య ముఖం కనబడింది. ఆయన చెయ్యి గోడకి ఆనుకుంది.

"కమల్... ఎప్పుడు?" అన్నారు. "పొద్దున్నే ఫోన్‌లో మాట్లాడానే! సాగ్ వండుతున్నానందే!"

బల్బీర్ ఆంటీ చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. "వంట చేస్తూ చేస్తూనా?"

ఆ క్షణంలో, హర్లీన్ పాట ఇంకా సాగుతుండగానే, దేవుడి దయవల్ల, నెట్ వచ్చింది.

"హర్లీన్!" అని పూలమధ్య నుంచి కేక. "చప్పట్లేవీ? ఢోల్కీ ఏదీ? గేదె పాట ఎవరైనా అలా పాడతారా? నా పరువు తీస్తున్నావు! అయినా అందరూ ఏడుస్తున్నారేంటి? ఎవరు పోయారు?"

బల్బీర్ ఆంటీ వేసిన కేకకి కాపలాదారుడు పరుగెత్తుకొచ్చాడు. నేను ప్రసాదంగా పంచిన రవ్వకేసరి పళ్లెం ఆవిడ చేతిలోంచి లేచి తెల్ల దుప్పటి మీద సూర్యోదయంలా పడింది. మిగిలిన సభ అంతా కొయ్యబారి కూర్చుంది. తాయాజీ ఒక్కరే తెరకేసి చూసి, ఊపిరి తీసుకుని, నెమ్మదిగా జవాబు చెప్పారు.

"నువ్వే."

తర్వాత ఆయన చూపు దుప్పట్ల మీంచి, దీపాల మీంచి, ఢోల్కీ బొట్టు మీంచి ప్రయాణం చేసి చివరికి నా దగ్గర ఆగింది. భూమాత ఆ పూట కమ్యూనిటీ సెంటర్ కింద లేదు, ఉంటే చీలి ఉండేది.

"పుత్తర్, ఇదంతా ఎవరి కోసం?"

"మీ కోసమే తాయాజీ. పాటకి భక్తి చాలలేదని మీకు కోపం కదా. ఒప్పుకుంటారని..."

"నాకు కోపమని ఎవరన్నారు?"

"మీరు 'చూస్తాను' అన్నారు కదా..."

"అన్నాను. ఎందుకన్నానో తెలుసా?"

హాలంతా ఊపిరి బిగబట్టింది. పంజాబ్‌లో కమల్‌జీత్ ఆంటీ కూడా బిగబట్టింది. ఈసారి నెట్ బాగానే ఉంది.

"గిద్దా చూసి చాలా ఏళ్లయింది," అన్నారు తాయాజీ. "అందుకని."

హర్లీన్ ఏడుపు సగంలో ఆగి నవ్వయింది. కాని బల్బీర్ ఆంటీ సంగతి చెప్పానుగా, జవాబు వచ్చేదాకా వదలదు. కేసరి తుడుచుకుంటూనే అడిగింది. "అయితే భాయీసాబ్, తప్పు లేదంటారా? ఒక్కటే నోరు కదా!"

అప్పుడు ఆయన మాట్లాడినంత నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

"నోరు ఒక్కటే బల్బీర్. చోటు ఒక్కటి కాదు. గురువు ముందు గురువాణి తప్ప ఇంకేదీ పాడం. ఆ గట్టు కదపడానికి ఎవరికీ హక్కు లేదు. గట్టుకి ఇవతల మన పొలం ఉంది. అక్కడ మా అమ్మ పాడింది. మీ అమ్మ పాడలేదా?"

"పాడేది," ఆంటీ తల వంచుకుంది. "మా అమ్మ బోలీలు ఇలా మగవాళ్లున్నచోట చెప్పేవి కావు."

అందరూ గొల్లున నవ్వారు. తాయాజీ నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ తగిలింది. "నువ్వు మంచి మనసుతో చేశావు పుత్తర్. కాని పాటకి గురువు మర్యాదలు తొడిగితే పాట ఊపిరాడక చస్తుంది, గురువుకీ అది గౌరవం కాదు. ఆదివారం మా హర్లీన్ తల కప్పుకుని పాడుతుంది. శనివారం కాళ్లకి చెప్పులు తొడుక్కుని పాడుతుంది. ఇదే నా జవాబు. ఇక ఆ దుప్పట్లు ఎత్తండి."

దుప్పట్లు లేచాయి, ఓణీలు ఎగిరాయి, బూట్లు మళ్లీ కాళ్లకెక్కాయి. మన్‌ప్రీత్ మాత్రం ఢోల్కీ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"దీదీ, దీనికి ఉద్వాసన..."

"రేపు పొద్దున," అన్నాను నూతిలోంచి.

"రేపా?" అన్నారు తాయాజీ. "ఈలోగా బెయిల్ దొరకదా?"

అమ్మా, నన్ను క్షమించు అనుకున్నాను. "ఈశాన్యం వైపు కాస్త కదిపితే... చెప్పినట్టే. కాని ఈ హాల్లో ఈశాన్యం ఎటో నాకు తెలీదు."

"ఈశాన్యమంటే?"

"తూర్పుకీ ఉత్తరానికీ మధ్య."

ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి, ఎడమ పక్క గోడకేసి చెయ్యి చూపించారు. "టొరంటో రోడ్డు అటు. దానికి కొద్దిగా ఎడమగా జరుపు."

ఢోల్కీని టొరంటోకి కొద్దిగా ఎడమగా జరిపి, తోచిన మంత్రం చదివి, సెలవిప్పించాను. మన్‌ప్రీత్ మొదటి దెబ్బ వేసింది. పసుపు ఇంతెత్తున లేచింది. ఏం జరిగిందో తెలిసేలోపు తాయాజీ వలయం మధ్యకి వచ్చి, ఒక చెవి మీద చెయ్యి ఆనించి బోలీ అందుకున్నారు. మగవాళ్ల బోలీలు వేరే ఉంటాయట, కుర్రతనంలో ఆయన ఊళ్లో పేరుమోసిన గొంతట. ఎదుట ఉన్నవాళ్ల మీద అప్పటికప్పుడు కట్టి పాడటమే అందులో సొగసు. ఎదుట ఉన్నది నేను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"దక్షిణాది నుంచి వచ్చిందయ్యా బంగారు కోడలు,
ఢోల్కీకి బొట్టు పెట్టి జోకొట్టి పడుకోబెట్టింది,
బతికున్న మా మరదలి చుట్టూ బంతిపూలు కట్టింది,
ఆడబోయిన పాటకే అమ్మో, పాడె కట్టింది!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. బల్బీర్ ఆంటీయే ముందు ఆడింది. కమల్‌జీత్ ఆంటీ పంజాబ్‌లో మంచం మీద లేచి నిలబడి ఆడింది, తలకాయ తెరలోంచి బయటకి పోయి బంతిపూల మధ్య మోకాళ్లు మాత్రం కనబడ్డాయి. మావారు మూల నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయనవి భక్తి కన్నీళ్లు కావు.

హర్లీన్ జట్టు ఉత్సవానికి వెళ్లింది. ఆదివారాలు కీర్తనా సాగింది. బల్బీర్ ఆంటీ గిద్దాలో పాత బోలీలు కూడా నేర్పుతానని తయారైంది, మగవాళ్లు లేనప్పుడు. ఆ మనుషులు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు ఎప్పటిలాగే బూట్ల దగ్గర చోటిచ్చారు, పంక్తిలో పప్పు వడ్డించారు. దేవుడు నా మీద చూపిన దయలో సగం ఆ పప్పులోనే కనబడుతుంది నాకు.

కొన్నేళ్లకి మావారికి ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చి అక్కడికి మారాం. ఈ సంగతి ఇక లండన్ మంచులో కరిగిపోయిందనుకున్నాను. మావారి ఆఫీసులో ఎవరిదో పంజాబీ పెళ్లి, ఆడవాళ్ల పాటల కార్యక్రమానికి పిలిస్తే వెళ్లి బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాను. ముక్కూముఖం తెలియని అమ్మాయి ఒకతె మధ్యకొచ్చి బోలీ విసిరింది. దక్షిణాది కోడలు. ఢోల్కీ బొట్టు. బంతిపూలు.

నా పక్కన కూర్చున్న పిల్ల నా చెవిలో అంది, "అర్థమైందా ఆంటీ? ఇది నిజంగా జరిగిందట తెలుసా! ఎవరో సౌత్ ఆంటీ."

"ఛ, ఊరుకో అమ్మా," అన్నాను. "అంత తెలివితక్కువ మనిషి ఎక్కడైనా ఉంటుందా?"

"అదే కదా! వీళ్లు బాగా పెంచి చెబుతారు."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఏం చెయ్యను? పాట బాగుంది.

అందుచేత తూర్పు తిరిగి, తూర్పు ఎటో ముందుగా కనుక్కుని మరీ, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం, ప్రాణమున్న ఏ మనిషి చుట్టూ పూలు కట్టను. తప్పనిసరై కట్టవలసి వస్తే, ముందు నెట్ చూసుకుంటాను.